బత్తా రోజుకా, బాడీకా?

నాయుడుపేట తమ్ముడికి,

చెన్నైలో చావిళ్లకు ఫ్రీజర్ బాక్సులు, అంటే శవం చెడకుండా ఉంచే చల్ల పెట్టెలు, మోసే పనికి వస్తానంటూ ఐదు సందేహాలు రాశావు. తమిళం రాకపోతే ఎట్లా, శవమంటే భయం పోతుందా, గది ఎక్కడ దొరుకుతుంది, ఇంట్లో ఏం చెప్పాలి, ఏదైనా సర్టిఫికెట్ కావాలా అని. జీతం ఎంత, ఎప్పుడిస్తారు అన్నది మాత్రం అడగలేదు. ఇరవై ఏళ్ల వయసులో నేనూ అడగలేదులే. అందుకని ఈ జవాబంతా దాని మీదే ఉంటుంది.

నాది సూళ్లూరుపేట. లోకల్ రైలు పోయే ఊరి నుంచి వచ్చి ‘ఎన్నారై సందేహాలు’ తీర్చడమేంటని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ. 2006లో చెన్నై సెంట్రల్లో దిగినప్పుడు నా జేబులో మూడు వందలు. ఇవాళ నా పేరు మీద రెండు ఫ్రీజర్ బాక్సులు, ఒక బండి ఉన్నాయి.

మొదటి నెలలోనే దెబ్బ తిన్నాను. చూళైలో మూడో అంతస్తు ఇల్లు. పోయింది ముసలావిడ. బాక్సు మెట్ల మలుపు తిరగక నలుగురం నిలువునా ఎత్తి పైకి చేర్చాం. బాకీ వసూలు చేసుకుని రమ్మని ఓనర్ నన్ను అక్కడ వదిలిపెట్టాడు. జనం ఏడుస్తుంటే దుడ్లు ఎట్లా అడగాలి? చేతులు కట్టుకుని గోడవార నిలబడ్డాను. నాలుగింటికి ఎత్తారు. మగవాళ్లందరూ ఓట్టేరి శ్మశానానికి పోయారు. ఇల్లు కడుగుతున్నారు. అప్పటికి నాకు తెలివొచ్చింది, అడగడానికి ఎవరూ లేరని. గుమ్మం దగ్గర నోరు జారి “రేపు మళ్లీ వస్తానమ్మా” అన్నాను. చావింట్లో పోయొస్తానని చెప్పకూడదని మన ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. చీపురు పట్టుకున్న పెద్దావిడ అరవంలో ఏమందో నాకు అర్థం కాలేదు, కాకపోవడమే మంచిదయింది. బాకీ 1,800 రూపాయలు నా బత్తాలోంచి, అంటే కూలి డబ్బుల్లోంచి, కోశారు. బాడీకి వంద లెక్కన పద్దెనిమిది చావులు ఊరికే మోశాను.

కాబట్టి ఎత్తకముందే లెక్క తేలిపోవాలి. కొరివి పెట్టే కొడుకుని అడగొద్దు. ప్రతి చావింట్లో చంకలో మంజప్పై, అంటే పసుపు గుడ్డసంచి, పెట్టుకుని ఫోన్లో మాట్లాడుతూ తిరిగే ఒకాయన ఉంటాడు. చాలాసార్లు అల్లుడే. ఆయన్ని పక్కకు పిలిచి “ఎప్ప ఎడుక్కరీంగ?” అను. ఎప్పుడు ఎత్తుతారని. ఆ ఒక్క ప్రశ్న చాలు, డబ్బు మాట ఆయనే తెస్తాడు. నీ తమిళం సందేహం కూడా దీంతో తీరింది. మిగతాది ఆర్నెల్లలో అదే వస్తుంది.

ఆ ప్రశ్న వెనక ఇంకో లెక్క ఉంది. రాహుకాలం మనకూ తెలుసు, ఇక్కడ కుళిగై కూడా చూస్తారు, మన గుళిక కాలమే. ఆ వేళలో చేసిన పని మళ్లీ జరుగుతుందని నమ్మకం, అందుకే అప్పుడు బాడీని ఎత్తరు. శనివారం 6 నుంచి 7:30, శుక్రవారం 7:30 నుంచి 9, గురువారం 9 నుంచి 10:30, అట్లా వెనక్కి జరుగుతూ పోతుంది. వాళ్లు ఆగితే బండీ ఆగాలి. ఆ వెయిటింగ్ ఖర్చు ఎవరిదో పొద్దున్నే తేల్చుకో.

శనివారం అంటే గుర్తొచ్చింది. శనిప్పిణం తనియా పోగాదు అంటారు, శనివారం పీనుగ తోడు లేకుండా పోదని. ఒకసారి ఇంటి పెద్దాయన కోడి తెమ్మంటే పరిగెత్తి పోయి నా జేబులోంచి కొని తెచ్చాను. పాడెకి కట్టారు. పోయిన కోడి పోయింది, నా డబ్బూ పోయింది. ఎవరూ చీటీలో రాయలేదు. అప్పట్నించి కోడి, కుండ, కర్పూరం, ఏది కొన్నా అక్కడికక్కడే నోటుబుక్కులో ఎక్కిస్తాను. నువ్వూ చిన్న పుస్తకం ఒకటి చొక్కా జేబులో పెట్టుకో.

తెలుగువాళ్ల ఇల్లయితే దింపుడు కళ్లం ఉంటుంది. దారిలో దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలంటారు. బండి డ్రైవరుకు అది తెలియదు, నడిరోడ్డు మీద ఆపమంటే గొడవ పడతాడు. ముందే చెప్పి ఉంచు.

ఉచితమైనది ఉచితమని చెప్పెయ్. కార్పొరేషన్ శ్మశానంలో దహనానికి రుసుము లేదు. ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి చేర్చడానికి అమరర్ ఊర్తి బండి ఉచితం. వాటికి చెయ్యి చాపావంటే ఆ ఇల్లే కాదు, వీధి వీధంతా నిన్ను పిలవదు. మన సంపాదన బాక్సు అద్దె, పందిరి, పూలు, మేళం మీద. అది చాలు.

పని సంగతి రెండు ముక్కలు. బాక్సుని ఫ్రిజ్ వాడే ప్లగ్గుకే పెట్టు, ఇంట్లో దొరికిన ఏ ఎక్స్‌టెన్షన్ వైరుకో తగిలించొద్దు. అద్దం మీద చెమ్మ పడుతుంది, పొడిగుడ్డతో తుడుస్తూ ఉండు, కూతుళ్లు ముఖం పెట్టి చూసేది అక్కడే. కాలి బొటనవేళ్లు, దవడ కట్టడం వెంటనే అయిపోవాలి. రెండు మూడు గంటల్లో ఒళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది, ఆ తర్వాత నోరు మూతపడదు, చూసినవాళ్లు నిన్నే తిడతారు.

కాగితాల గురించి పెద్దగా చెప్పను, కార్పొరేషన్ సైట్లో అన్నీ ఉన్నాయి. మరణం 21 రోజుల్లోగా నమోదు కావాలి. ఇంట్లో పోతే డాక్టరు రాసిచ్చిన కాగితం కావాలి. పోలీసు కేసయితే వాళ్ల కాగితం లేనిదే తాకొద్దు. విమానంలో పంపాలంటే ఎంబామింగ్, అంటే శవం చెడకుండా మందు ఎక్కించడం, చెయ్యాలి, మద్రాస్ మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో చేస్తారు. అది డాక్టర్ల పని, నీది కాదు.

భయం వారంలో పోతుంది. ఇంట్లో ఏం చెప్పాలంటావా, మా అమ్మకు నేను రెండేళ్లు ‘ఐస్ కంపెనీ’లోనే చేశాను.

బస్సయితే మాధవరంలో దిగు. కానీ టికెట్ ఇప్పుడే కొనొద్దు. ముందు నిన్ను పనిలో పెట్టుకునే ఓనరుకు ఫోన్ చేసి బత్తా రోజుకా, బాడీకా అని అడుగు. బాడీకి అంటే పని లేని రోజుల సంగతేంటని అడుగు. భోజనం ఎవరిదో కూడా అడుగు, చావింట్లో పొయ్యి వెలిగించరు, నువ్వు బయట కొనుక్కునే తినాలి. ఏమన్నాడో నాకు రాయి.