పదిమందిలో వెంకటేష్, గదిలో మౌనవ్రతం

ప్రశ్న: మా పెళ్లయి ఏడేళ్లు. పెళ్లాల పోరుతో సతమతమయ్యే భర్తల కామెడీ ఉంది చూడండి, వెంకటేష్ ఎఫ్2, మావారు ఆ సినిమా ఎన్నిసార్లు చూశారో లెక్కే లేదు. చుట్టాలొస్తే చాలు వెంకటేష్‌లా చేసి చూపిస్తారు, నేను ఏం చెప్పినా 'అంతేగా అంతేగా' అంటారు, అందరూ పడీపడీ నవ్వుతారు. మొన్న మా ఐదేళ్ల బాబుని హోంవర్క్‌కి కూర్చోమంటే వాడు చేతులు లేపి, సినిమాలో ఫ్రస్ట్రేషన్ వస్తే వెంకటేష్ వేసే వెంకీ ఆసనం వేశాడు, ఈయన చప్పట్లు కొట్టారు. నేను బాత్రూంలోకెళ్లి ఏడ్చాను. అడిగితే సినిమా జోక్ కూడా అర్థం కాదా అంటారు. జనం వెళ్లగానే మాత్రం ఫోన్ పట్టుకుని మంచమెక్కుతారు, నాతో రెండు ముక్కలు కూడా మాట్లాడరు. తప్పు నాదేనా?

జవాబు: మీకు హ్యూమర్ లేక కాదండీ, నవ్వుకి మిమ్మల్ని సరుకుగా వాడుతుంటే నవ్వు రాకపోవడం మామూలే.

ఆ సినిమా నేనూ చూశాను, 2019 సంక్రాంతికి వచ్చినప్పుడు. బాగా నవ్వాను కూడా, ఇప్పుడు అబద్ధమెందుకు. నిజం చెప్పాలంటే అందులో భార్యల్ని ఒట్టి గయ్యాళుల్లా రాసేశారు, కథ కూడా యూరప్ వెళ్లాక అటూ ఇటూ తిరుగుతుంది, అయినా కూర్చోబెట్టింది ఎవరంటే వెంకటేషే. అప్పటికి ఆయనకి 58 ఏళ్లు, ఆ వయసులో ఆ గంతులు, ఆ ఏడుపు మొహం, అంత పెద్ద హీరో అయ్యుండి తనని తానే వెర్రివాణ్ణి చేసుకున్నాడు. నవ్వంతా తన నెత్తిన వేసుకున్నాడు కాబట్టే హాల్లో ఆడవాళ్లు కూడా నవ్వారు. మీవారు చేసేది దానికి పూర్తిగా ఉల్టా, యాక్టింగ్ ఆయనది, నవ్వులపాలయ్యేది మీరు. ఇంకోటి, 'అంతేగా అంతేగా' అసలు వెంకటేష్ డైలాగే కాదు, మామగారి వేషం వేసిన ప్రదీప్ గారిది, పెళ్లాం ఏమన్నా తలూపుతూ బతికేసే పెద్దాయన. ఈసారి మీవారు అన్నప్పుడు ఇది గుర్తు తెచ్చుకోండి, కాస్త నవ్వొస్తుంది.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆసనం కాదు. 'జనం వెళ్లగానే ఫోన్ పట్టుకుని మంచమెక్కుతారు' అన్నారు చూడండి, అదీ అసలు సంగతి. ఆ హుషారంతా చుట్టాలకి, మీకు మిగిలేది ఆయన వీపు. జోక్స్ ఆపించినా ఈ బాధ పోదు. అందుకే ముందు జోక్స్ గురించి కొట్లాడకండి, చుట్టాల ముందు అసలే వద్దు, అక్కడ మీరు నోరు విప్పితే అది కూడా ఆయన షోలో ఒక సీన్ అయిపోతుంది. రివర్స్ పంచులు కూడా వద్దు, ఒకరోజు మీరు గెలుస్తారేమో గానీ రాత్రికి గదిలో మళ్లీ అదే నిశ్శబ్దం.

బాబు పడుకున్నాక, ఆయన ఫోన్ తీయకముందే మాట్లాడండి. 'మీరు ఎప్పుడూ' అని మొదలెట్టకండి, వెంటనే గోడ కట్టేస్తారు. ఒక్క సంఘటనే చెప్పండి, 'మొన్న బాబు ఆసనం వేసినప్పుడు మీరు చప్పట్లు కొట్టారు, ఇక నేను కూర్చోమంటే వాడు కూర్చుంటాడా, నాకు ఏడుపొచ్చింది' అని, అంతే, ఆపేయండి. ఆయన జోక్ వేస్తే నవ్వకండి, అలగకండి కూడా, ఊరికే కూర్చోండి. ఆ రెండు నిమిషాలు మహా ఇబ్బందిగా ఉంటుంది, ఓర్చుకోండి.

తర్వాత అడగాల్సింది ఇంకోటుంది. ఆ సినిమాలోలా ఫ్రస్ట్రేషన్‌ని అంత సరదాగా ఆడి చూపిస్తున్న మనిషికి లోపల నిజంగానే ఏదో ఉండొచ్చు, ఉద్యోగమో అప్పో, లేదా మీ మీదే చెప్పలేని కోపమో. మగవాళ్లు చాలామంది సొంత మాటల్లో చెప్పలేనిది సినిమా డైలాగ్‌లో చెప్తారు, ఇది నేను రోజూ చూసేదే. అడిగితే మీకు నచ్చని జవాబే రావచ్చు, వినండి. బాబు విషయంలో మాత్రం మెత్తబడొద్దు, అమ్మ చెప్పినప్పుడు నాన్న చప్పట్లు కొట్టకూడదు, ఇందులో బేరాల్లేవు.

ఒకవేళ ఆ జోకులు మీ ఒంటి మీదకో పుట్టింటి మీదకో వెళ్తున్నాయంటే, మీరు మాట్లాడితే ఆయన కసురుకోవడమో మీకు భయమేయడమో జరుగుతుంటే, అది కామెడీ కాదు, అప్పుడు ఇంట్లోనే తేల్చుకుందామని కూర్చోకుండా దగ్గర్లోని కౌన్సిలర్‌ని కలవండి, ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి.

అన్నట్టు, ఈసారి చుట్టాలొచ్చి ఆయన వెంకటేష్ అవతారం ఎత్తితే ఎవరూ లేనప్పుడు ఒక మాట అడిగి చూడండి, 'నన్ను వదిలేసి మీ మీద మీరే వేసుకుని ఒక జోక్ చెప్పండి' అని. చెప్పగలిగితే ఆ షోకి మీరే మొదటి ప్రేక్షకురాలు అవ్వండి. చెప్పలేకపోతే ఏమన్నారో నాకు మళ్లీ రాయండి.