సిక్స్త్ ఫామ్‌లో ఇంగ్లిష్: మూడు ఎ-లెవెల్స్‌లో ఏది?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. ఇయర్ 11 చదువుతున్న మా అమ్మాయి సిక్స్త్ ఫామ్‌లో (మన ఇంటర్మీడియట్ లాంటి రెండేళ్ల చదువులో) మ్యాథ్స్, సైకాలజీతో పాటు ఇంగ్లిష్ లాంగ్వేజ్ అండ్ లిటరేచర్ తీసుకుంటానంటోంది. దాని బదులు కెమిస్ట్రీ తీసుకుంటే బాగుంటుందని మా అభిప్రాయం. మీ సలహా ఏమిటి?

సమాధానం: అమ్మా, ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ అంటూ గ్రూపును ఎంచుకుని, ఇంగ్లిష్‌ను అందరూ చదవవలసిన పార్ట్-1 భాషగా మాత్రమే చూసిన మన తరానికి మీ అమ్మాయి ఎంపిక కొత్తగా తోచడం సహజమే. ఇంగ్లండ్‌లో గ్రూపులు లేవు. సిక్స్త్ ఫామ్ చివర రాసే ఎ-లెవెల్ పరీక్షలకు విద్యార్థులు సాధారణంగా మూడు సబ్జెక్టులను తామే ఎంచుకుంటారు. అందువల్ల ఆమె డిగ్రీలో ఏం చదవదలచిందో ముందుగా అడిగి, అక్కడినుంచి వెనక్కి లెక్కవేయండి. మెడిసిన్ మీద ఆమెకే మనసుంటే కెమిస్ట్రీని వదలకూడదు, ఎందుకంటే చాలా మెడికల్ స్కూళ్లు దాన్ని తప్పనిసరిగా కోరుతాయి. ఆ కోరిక మీది మాత్రమే అయితే, ఇష్టంలేని కెమిస్ట్రీని రెండేళ్లు మోయించడం నాకు సమ్మతం కాదు. లా డిగ్రీకి సాధారణంగా ఫలానా సబ్జెక్టే ఉండాలన్న నియమం లేదు. మ్యాథ్స్ ఎలాగూ ఉంది కనుక ఎకనామిక్స్ వంటి కోర్సులకూ అవకాశం ఉంటుంది.

అంతకంటే జాగ్రత్తగా చూడవలసిన విషయం మరొకటి ఉంది. ఎ-లెవెల్‌లో ఇంగ్లిష్ పేరుతో మూడు వేర్వేరు సబ్జెక్టులు ఉన్నాయి. లిటరేచర్‌లో కనీసం 8 పుస్తకాలు లోతుగా చదవాలి; వాటిలో షేక్‌స్పియర్ నాటకం ఒకటి, దానితో కలిపి 1900కు ముందువి మూడు ఉండి తీరాలి. లాంగ్వేజ్‌లో సాహిత్యం కంటే భాష పనిచేసే తీరుకే ప్రాధాన్యం: పసిపిల్లలకు మాటలు ఎలా వస్తాయి, ప్రాంతాన్నిబట్టి, కాలాన్నిబట్టి ఇంగ్లిష్ ఎలా మారుతుంది వంటివి చదువుతారు. మన తాతయ్యలు, అమ్మమ్మలు మాట్లాడే ఇంగ్లిష్ కూడా అక్కడ తప్పుల జాబితాగా కాక పరిశీలించదగ్గ రూపంగా నిలుస్తుంది. తెలుగింటి పిల్లకు అది ఎంత పెద్ద ఆస్తో నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నాను. స్పీచ్ థెరపీ వైపు ఆసక్తి ఉన్నవారికి, సైకాలజీ తోడుగా ఉంటే, ఈ సబ్జెక్టు చక్కగా అతుకుతుంది.

మీ అమ్మాయి కోరుతున్నది ఈ రెండూ కలిసిన మూడవది. ఉదాహరణకు ఎక్యూఎ అనే పరీక్షల బోర్డు సిలబస్‌లో 3 గంటల మొదటి పేపర్‌కు 40 శాతం, రెండున్నర గంటల రెండవ పేపర్‌కు 40 శాతం, సొంత పరిశోధన వ్యాసానికి 20 శాతం వెయిటేజీ ఉంటుంది. మొదటి పేపర్‌లో నవల, కవితలతో పాటు పారిస్ నగరం గురించి రకరకాల వ్యక్తులు రాసిన, మాట్లాడిన పాఠాల సంకలనం ఉంటుంది. రెండవదానిలో చదివిన పుస్తకంలోని ఒక ఘట్టాన్ని మరో కోణంలో తిరిగి రాసి, తాను ఆ పదాలనే ఎందుకు వాడిందో వివరించాలి. అందంగా రాయగలిగితే చాలదు, తన రాతను తానే విప్పి చూపగలగాలి. ఈ భాగం నచ్చే పిల్లలే ఇందులో బాగా రాణిస్తారు. ఇది లిటరేచర్ కంటే తక్కువ స్థాయిదన్న అపోహ తల్లిదండ్రుల్లో వినిపిస్తుంటుంది కానీ, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిగ్రీ సైతం లిటరేచర్‌నైనా, ఈ కలిసిన సబ్జెక్టునైనా అంగీకరిస్తుంది.

అన్ని స్కూళ్లలోనూ ఈ మూడూ ఉండవు. మీ స్కూల్లో ఏవి ఉన్నాయో, ఏ బోర్డువో, జీసీఎస్‌ఈలో (ఇయర్ 11 చివర రాసే పరీక్షల్లో) ఎంత గ్రేడు కోరుతున్నారో ఓపెన్ ఈవెనింగ్‌లో, అంటే స్కూలు తన కోర్సులను పరిచయం చేసే సాయంత్రం, అడిగి తెలుసుకోండి. ఆ తరువాత బోర్డు వెబ్‌సైట్ నుంచి ఒక పాత ప్రశ్నపత్రం తీసి, పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా, ఆమెనే చదవనివ్వండి. ఆ ప్రశ్నలకు జవాబు రాయాలని ఆమెకు అనిపిస్తే, ఈ సబ్జెక్టు తీసుకోనివ్వమనే నా సలహా.