సేల్స్ ఆఫర్: ఆరు లక్షల్లో చేతికొచ్చేది ఎంత?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ (ఈసీఈ) పూర్తిచేసింది. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్ డెవలప్‌మెంట్ రిప్రజెంటేటివ్ (ఎస్‌డీఆర్)గా ఏడాదికి 6 లక్షలు ఇస్తానంటోంది. ఇంజినీరింగ్ చదివి సేల్స్ ఏమిటని ఇంట్లో అందరూ అంటున్నారు. చేర్పించమంటారా?
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: ముందు అమ్మేది ఎవరికో కనుక్కోండి. కంపెనీలకు సాఫ్ట్‌వేర్ అమ్మడమూ, ఇళ్లకు ఫోన్లు చేసి కోర్సులు అంటగట్టడమూ రెండూ ‘బిజినెస్ డెవలప్‌మెంట్’ పేరుతోనే చలామణీ అవుతున్నాయి. రెండోదైతే వద్దు. మొదటిదైతే చదువు వృథా కాదు, అవతలి ఐటీ మేనేజర్ మాట్లాడేది అర్థం కావడానికి అదే పనికొస్తుంది.

ఎస్‌డీఆర్ బేరం కుదర్చక్కర్లేదు. కొనే అవకాశమున్న కంపెనీలో సరైన మనిషిని వెతికి, ఫోన్, ఈమెయిల్, లింక్డ్‌ఇన్‌లలో పలకరించి, తమ కంపెనీలో బేరం కుదిర్చే అకౌంట్ ఎగ్జిక్యూటివ్‌తో అరగంట మీటింగ్ ఏర్పాటు చేయాలి. ధర, సంతకాలు ఆ తర్వాతివాళ్ల పని.

ఇక ఆఫర్ లెటర్. ఫిక్స్‌డ్, వేరియబుల్ 70:30 అయితే 4.2 లక్షలు ఖాయం, 1.8 లక్షలు టార్గెట్ కొడితేనే. అంటే నెలకు 35,000, అందులోంచి పీఎఫ్ వగైరా పోతాయి. మిగతా 15,000 దగ్గరే కొత్తవాళ్లు బోల్తాపడతారు. మీటింగ్ బుక్ చేస్తే లెక్కా, అవతలివారు హాజరైతేనే లెక్కా అని అడగమనండి. నెలకు 10 మీటింగులు జరగాలని టార్గెట్ ఉండి, మూడో వంతు మంది రాలేదనుకుంటే 15 బుక్ చేయాల్సిందే. ఫలానా శాతం దాటకపోతే వేరియబుల్ సున్నా అనే మెలిక ఉందా? మొదటి రెండు మూడు నెలలు టార్గెట్ తగ్గిస్తారా? పోయిన మూడు నెలల్లో టీమ్‌లో ఎంతమంది టార్గెట్ అందుకున్నారు? దీనికి హెచ్‌ఆర్ నీళ్లు నమిలితే అనుమానించాల్సిందే.

షిఫ్ట్ మార్కెట్‌ను బట్టి ఉంటుంది. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు అక్కడి వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. లండన్ అయితే మధ్యాహ్నం 1.30 లేదా 2.30. అమెరికా షిఫ్ట్ అయితే ఇంటి గుమ్మం దాకా క్యాబ్ ఇస్తారని రాతలో తీసుకోండి.

చేరేలోపు సేల్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సేల్స్‌ఫోర్స్ వారి ట్రైల్‌హెడ్, హబ్‌స్పాట్ వారి అకాడమీ వెబ్‌సైట్లలో ఉచిత పాఠాలు చూడొచ్చు. అంతకన్నా పనికొచ్చేది సాధన. 20 కంపెనీలు ఎంచుకుని, ఒక్కోదానికి ఇప్పుడే ఎందుకు ఫోన్ చేయాలో రెండు వాక్యాల్లో రాయమనండి. కొత్త బ్రాంచ్, ఉద్యోగ ప్రకటన, ఏదో ఒక ఆధారం ఉండాలి. హాజరు లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారనుకుందాం. ‘ఎలా ఉన్నారండీ’ అని మొదలుపెడితే ఇది సేల్స్ కాల్ అని అవతలివారికి తెలిసిపోతుంది. పేరు, కంపెనీ చెప్పి, ‘మూడు కొత్త గోడౌన్లకు మనుషుల్ని తీసుకుంటున్నట్టు ప్రకటన చూశాను. హాజరు ఇంకా ఎక్సెల్‌లోనే రాస్తున్నారా?’ అని అడిగి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే కొత్తవాళ్లకు చేతకాదు. రెండు క్షణాల నిశ్శబ్దానికే కంగారుపడి ఫీచర్లన్నీ ఏకరువు పెడతారు, అవతలివారు ‘వివరాలు మెయిల్ చేయండి’ అని తప్పించుకుంటారు. అప్పుడైనా ‘పంపిస్తాను, ముందుగా ఏది చూడాలనుకుంటున్నారు?’ అనడిగి, మళ్లీ మాట్లాడే రోజు, టైము ఖరారు చేసుకుంటే ఆ కాల్ చేజారదు.

అమెరికా యాస తెచ్చిపెట్టుకోవద్దు. వేగం తగ్గించి మాట్లాడితే చాలు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే తడబాటు ఎక్కడో తనకే తెలుస్తుంది.

బాగా చేస్తే ఏడాది, ఏడాదిన్నరలో అకౌంట్ ఎగ్జిక్యూటివ్ కావచ్చు. సాంకేతికం మీద మోజుంటే ప్రీసేల్స్ (కొనేవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో చూపించే పని) ఈసీఈ వాళ్లకు ఇంకా నప్పుతుంది.

చేర్పించాలా అన్నది మాత్రం అమ్మాయినే అడగండి: వరసగా పదిమంది విసుక్కుని పెట్టేశాక పదకొండో నంబరు నొక్కగలదా? తను ఒప్పుకున్నా సరే, కంపెనీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటామన్నా, ట్రైనింగ్ ఫీజు కట్టమన్నా ఆ ఆఫర్ వదిలేయండి.