‘నా కృప నీకు చాలును’: ఇది ఏ ‘చాలు’?

సందేహం: స్త్రీల కూడికలో వాక్యం చెప్పమంటే ‘నేను అయోగ్యురాలిని, నా వల్ల కాదు’ అన్నాను. ఒక పెద్దామె ‘నా కృప నీకు చాలును’ అనే వచనం చదివి ధైర్యం చెప్పారు. నాకేమో అది ‘ఇక చాలు, అడగకు’ అన్నట్టు వినిపించింది. ఆ మాటకు సరైన అర్థం ఏమిటి? అయోగ్యత, అసమర్థత ఒకటేనా? ప్రార్థనలో ఏది అనాలి?

సమాధానం: వడ్డించేవారికి చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు’ అంటే అది వారింపు. ‘ఈ అన్నం నలుగురికి చాలుతుంది’ అంటే సరిపోవడం. ‘చెప్పజాలను’ అన్నప్పుడు అదే క్రియ శక్తిని సూచిస్తుంది. ‘చెప్పన్’ మీద ‘చాలను’ చేరి చకారం జకారమైంది. వారించే ‘చాలు’ ఒంటరిగా నిలుస్తుంది, దానికి కర్తతో పని లేదు. మీరు విన్న వచనం పౌలు రాసిన 2 కొరింథీయులకు 12:9, ప్రభువు అతనితో అన్న మాట. అందులో కర్త ఉంది, కృప. ఎవరికి చాలునో కూడా ఉంది, నీకు. కాబట్టి అది వారింపు కాదు. పైగా ‘చాలును’ తద్ధర్మార్థక రూపం. రేపెప్పుడో చాలుతుందని కాదు, చాలడం ఆ కృపకు ఎప్పుడూ ఉండే స్వభావమని.

అయితే ఒక సంగతి దాచకూడదు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని ముమ్మారు వేడుకున్నాడు. అది తొలగిందని అక్కడ లేదు. ‘బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది’ అనే ఉంది. ప్రభువు ‘బలహీనత పోయాక’ అనలేదు, ‘బలహీనతయందు’ అన్నాడు. మాట్లాడేటప్పుడు మీ గొంతు వణకదని ఈ వచనం హామీ ఇవ్వడం లేదు. వణికే గొంతుతోనే మాట్లాడవచ్చునంటున్నది.

ఇదే క్రియ యిర్మీయా ప్రవక్త నోట కూడా ఉంది: ‘మాటలాడుటకు నాకు శక్తి చాలదు’ (1:6). ‘నాకు చాలదు’, ‘నీకు చాలును’. రెండు చోట్లా మనిషికి ‘కు’ ప్రత్యయమే చేరింది. కర్త మారింది, దానితో ‘చాలదు’ ‘చాలును’ అయింది. శక్తి ఉన్నచోటికి కృప వచ్చింది. నీ శక్తే చాలునని దేవుడు యిర్మీయాను ఒప్పించలేదు, తన మాటలను అతని నోట ఉంచాడు. విశ్వాసమంటే ఆత్మవిశ్వాసమే అనుకునేవారు ఈ తేడాను గమనించాలి.

ఇక అయోగ్యత, అసమర్థత ఒకటి కావు. ‘నీవు నా యింటిలోనికి వచ్చుటకు నేను పాత్రుడను కాను’ అన్న శతాధిపతిదీ (మత్తయి 8:8), ‘యోగ్యుడను కాను’ అన్న తప్పిపోయిన కుమారుడిదీ అర్హతకు సంబంధించిన మాట. ‘నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను’, అంటే మాట సరిగా రానివాడిని, అన్న మోషేది (నిర్గమ 4:10) సామర్థ్యానికి సంబంధించినది. మొదటిదానికి క్షమ, అంగీకారం కావాలి. రెండోదానికి తోడు కావాలి. మోషేకు దొరికిన జవాబు ‘నేను నీ నోటికి తోడైయుండి’ అని. గ్రీకులో ‘హికనోస్’ అనే ఒకే మాట రెండింటికీ వాడతారు. మత్తయి 8:8లో దాన్ని ‘పాత్రుడు’ అనీ, 2 కొరింథీ 2:16లో ‘చాలినవాడు’ అనీ సందర్భాన్ని బట్టి తెలుగు చేసిన అనువాదకుల వివేకం మెచ్చదగింది.

మీ ఇబ్బంది మాట్లాడలేకపోవడమైతే ‘అయోగ్యురాలిని’ అనడం సరికాదు. లేని దోషాన్ని ఒప్పుకున్నట్టవుతుంది, అసలు అవసరం అడగకుండా మిగిలిపోతుంది. ‘ప్రభువా, నాకు మాట చాలదు, తోడుండు’ అనండి. మోషే తన మాంద్యం చెప్పుకున్నప్పుడు దేవుడు కోపించలేదు. ‘వేరెవరినైనా పంపు’ అన్నప్పుడే కోపించాడు. అప్పుడు కూడా అతని అన్న అహరోనును తోడిచ్చాడు. కాబట్టి పక్కన ఒకరిని నిలబెట్టుకోవడం అవిశ్వాసం కాదు.

‘నా వల్ల కాదు’ తప్పు కాదు గాని, సగం వాక్యం. 2 కొరింథీ 3:5లో ‘మావలన’ అని మొదలైన మాట ‘దేవుని వలననే’ అనేదాకా వెళ్తుంది. మీరూ అంతవరకు వెళ్లండి: ‘నా వల్ల కాదు, నీ వల్లే అవుతుంది’.

సాక్ష్యం చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ‘బలహీనతలో నా శక్తి పరిపూర్ణమవుతుందని నమ్ముతున్నాను’ అంటే ఆ శక్తి మీదే అవుతుంది. ‘ప్రభువు అన్నాడు’ అని ముందు చెప్పి వచనం యథాతథంగా చదవండి, లేదా ‘ఆయన శక్తి’ అని మార్చండి. రాసేటప్పుడైతే వచనానికి ఉద్ధరణ చిహ్నాలు తప్పనిసరి.