కామెర్ల టీకా మా పిల్లలకు అవసరమా?

ప్రశ్న: మేం బెంగళూరులో మారతహళ్లి దగ్గర అపార్టుమెంటులో ఉంటున్నాం. పాపకు 13, బాబుకు 4 ఏళ్లు. మా వారితో పనిచేసే 28 ఏళ్ల అబ్బాయికి పోయిన వారం కామెర్లు తేలాయి, హెపటైటిస్-ఎ అన్నారు. పిల్లలకు టీకా వేయిద్దామంటే మా అత్తగారు ‘మా కాలంలో ఇవన్నీ ఎక్కడివి? అయినా ఎవరికేమైంది?’ అంటున్నారు. పుట్టినప్పుడు వేసిన హెపటైటిస్ టీకా సరిపోదా?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: సరిపోదమ్మా. పుట్టగానే ఒకటి, తర్వాత 6, 10, 14 వారాలకు వేసేది హెపటైటిస్-బి టీకా. అది రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు సోకే వేరే వైరస్‌కు. ‘ఎ’ రకం కలుషితమైన నీరు, తిండి ద్వారా వస్తుంది. దీని టీకా మన దేశంలో ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో లేదు. అందుకే మీకెవరూ చెప్పి ఉండరు.

మీ అత్తగారు చూసింది నిజమే. ఆ రోజుల్లో ఈ వైరస్ ఊరూరా ఉండేది. నీళ్లతో పాటు పసితనంలోనే కడుపులోకి చేరేది. ఆరేళ్లలోపు పిల్లల్లో ఎక్కువమందికి కళ్లు కూడా పచ్చబడవు. కాస్త జ్వరం, రెండు వాంతులు, అంతే. ఆ తర్వాత జీవితాంతం రక్షణ. ఆమెకూ అలాగే వచ్చిపోయి ఉంటుంది.

మీ పాప శుభ్రమైన నీళ్లు తాగి పెరిగింది. ఎంతో మంచిది. కానీ ఆ కారణంగానే ఆమెకు ఇంకా రక్షణ ఏర్పడి ఉండకపోవచ్చు. రేపు హాస్టల్లో చేరి బయటి చట్నీ, పానీపూరీ తిన్నప్పుడు మొదటిసారి సోకితే, ఆ వయసులో చాలామందికి కామెర్లు తేలతాయి. నా దగ్గరికి కాలేజీ పిల్లలు మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తోందంటూ వస్తారు. అన్నం వాసనే పడదు, వారాల తరబడి నీరసం, పరీక్షలు పోతాయి. అరుదుగానైనా కాలేయం పూర్తిగా దెబ్బతినవచ్చు. వయసు పెరిగేకొద్దీ ఆ ముప్పు పెరుగుతుంది. అర్జెంటీనా 2005లో ఏడాది నిండిన పిల్లలందరికీ ఒక్క డోసు వేయడం మొదలుపెట్టాక, ఈ వ్యాధివల్ల కాలేయ మార్పిడి దాకా వెళ్లే పిల్లలు బాగా తగ్గిపోయారు. మన దగ్గర కూడా ఇది అందరికీ అందాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇద్దరికీ వేయించండి. ఏడాది నిండాక ఎప్పుడైనా వేయవచ్చు. చంపిన వైరస్‌తో చేసే నిర్జీవ టీకా అయితే కనీసం ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. బలహీనపరచిన వైరస్‌తో చేసే సజీవ టీకా ఒక్క డోసు చాలు, కానీ రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకు అది వద్దు.

టీకా వేసినా నీళ్ల విషయంలో అశ్రద్ధ వద్దు, టైఫాయిడ్ కూడా ఆ దారినే వస్తుంది. ట్యాంకర్ నీళ్లు పోసే సంపును ఎప్పుడు కడిగారో, మురుగు గొట్టం దానికి ఎంత దూరమో మీ అసోసియేషన్‌ను అడగండి. తాగే నీళ్లు తెర్లేదాకా కాచండి. ఈ వైరస్ మంచులో చావదు కాబట్టి బయట జ్యూసులో ఐసు వేయించుకోవద్దు.

ఇక మీ వారి సంగతి. కామెర్లు బయటపడక ముందు రెండు వారాల్లోనే ఈ వ్యాధి ఎక్కువగా అంటుకుంటుంది. ఆ అబ్బాయితో డబ్బా పంచుకుని తిని ఉంటే ఈ వారమే డాక్టరును కలవమనండి. వైరస్ సోకే అవకాశం కలిగిన రోజు నుంచి రెండు వారాల్లోపు టీకా వేస్తే చాలావరకు ఆపవచ్చు. ఆయనకు ముందే రక్షణ ఉందేమో ఐజీజీ రక్తపరీక్షలో తెలుస్తుంది, కానీ దానికోసం టీకా ఆలస్యం చేయకండి.