ఇంటి సర్వర్‌కి పెట్టె కొనేముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఫోటోల బ్యాకప్, సినిమాలు, హోమ్ అసిస్టెంట్ (ఇంట్లో స్మార్ట్ పరికరాల్ని నడిపే సాఫ్ట్‌వేర్) అన్నీ ఒకే పెట్టెలో పెట్టి రాత్రింబవళ్ళూ నడపాలంటున్నావు. ముందు ఈ లెక్క చూడు. ఒక్క వాటు ఏడాదంతా లాగితే 8.76 యూనిట్లు. పది వాట్ల మినీ పీసీకి 88 యూనిట్లు. గ్రాఫిక్స్ కార్డుతో ఉన్న నీ పాత డెస్క్‌టాప్ 60 వాట్లు లాగిందనుకో, 526 యూనిట్లు. అవి నీ బిల్లులో పై స్లాబు రేటుకే పడతాయి. డెస్క్‌టాప్ ఊరికే వచ్చినా వద్దు.

ప్రాసెసర్ టీడీపీ (గట్టిగా పనిచేసేటప్పటి వేడికి కంపెనీ ఇచ్చే వాట్ల లెక్క) అంకెను పట్టించుకోకు. ఇంటి సర్వర్ రోజులో చాలాసేపు ఖాళీగానే ఉంటుంది కాబట్టి ఐడిల్‌లో ప్లగ్గు దగ్గర ఎన్ని వాట్లన్నదే ముఖ్యం. ఇంటెల్ ఐ5-8500టీ ప్రాసెసర్ టీడీపీ 35 వాట్లు. అదే ప్రాసెసర్ ఉన్న సెకండ్‌హ్యాండ్ లెనోవో టైనీ, డెల్ మైక్రో మినీ పీసీలు ఎస్‌ఎస్‌డీతో ఖాళీగా ఉంటే పది వాట్ల చుట్టుపక్కలే. ర్యామ్‌కి రెండు స్లాట్లుంటాయి. కానీ అడాప్టర్ ఒరిజినల్‌దే అడుగు. డెల్ పెట్టె తన అడాప్టర్‌ని గుర్తుపట్టకపోతే ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది, తప్పు ఎక్కడుందో తెలియక సాఫ్ట్‌వేర్‌ని వెతుకుతూ కూర్చుంటావు.

కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ చాలు. వీడియో ట్రాన్స్‌కోడింగ్‌ని (వీడియోని వేరే ఫార్మాట్‌లోకి మార్చడాన్ని) అందులోని క్విక్ సింక్ అనే భాగం చూసుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న బోర్డు కంప్యూటర్ ఇంకా తక్కువ లాగుతుంది గానీ, 5 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టర్ లేకపోతే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే ఇస్తుంది. హార్డ్‌డిస్క్ మధ్యమధ్యలో మాయమయ్యేది అందుకే. ఎస్‌డీ కార్డు మీద డేటాబేస్ పెట్టకు, రాతలకు తట్టుకోలేదు.

అసలు ఖర్చంతా డిస్కుల దగ్గరే. తిరుగుతున్న 3.5 అంగుళాల డిస్క్ ఒక్కోటి నాలుగు నుంచి ఎనిమిది వాట్లు లాగుతుంది. రెండు పెడితే మినీ పీసీనే మించిపోవచ్చు. పైగా తిరగడం మొదలెట్టే క్షణాన 12 వోల్టుల లైన్‌లో ఒక్కోటి రెండు ఆంపియర్ల దాకా అడుగుతుంది. చవక ఎన్‌క్లోజర్ (డిస్కులు పెట్టే డబ్బా) అడాప్టర్ అక్కడే చేతులెత్తేస్తుంది. నీ డేటా రెండు టీబీ లోపే అయితే ఎస్‌ఎస్‌డీయే కొను. డిస్కులు తప్పదంటే డాకర్ (యాప్‌లను వేరువేరుగా నడిపే సాఫ్ట్‌వేర్), లాగ్ ఫైళ్ళు, డేటాబేస్ ఎస్‌ఎస్‌డీలో ఉంచు. లేకపోతే డిస్కులు ఎప్పటికీ నిద్రపోవు. ఐదేసి నిమిషాలకు ఆగేలా మాత్రం పెట్టకు, ఆగి లేవడంలోనే అవి అరుగుతాయి. రెయిడ్‌లోకి (డిస్కులన్నిటినీ జట్టుగా కలిపి వాడే పద్ధతి) ఎస్‌ఎమ్‌ఆర్ డిస్కులు (ట్రాకుల్ని ఒకదాని మీద ఒకటి పడేలా రాసేవి) వద్దు, పాడైన డిస్క్ మార్చాక రీబిల్డ్ రోజుల తరబడి సాగుతుంది.

మరిన్ని డిస్కులు తగిలించడానికి అదనపు సాటా కార్డు కావాలంటే జేఎమ్‌బీ585 చిప్ ఉన్నదాని కన్నా ఏఎస్‌ఎమ్1166 చిప్ ఉన్నది మేలు. మొదటిది పెడితే ప్రాసెసర్ లోతైన నిద్రలోకి పోలేదు. పవర్‌టాప్‌లో (లినక్స్‌లో కరెంటు వాడకం చూపే ప్రోగ్రామ్) ప్యాకేజీ సీ-స్టేట్, అంటే ప్రాసెసర్ నిద్ర లోతు, సీ2, సీ3 దగ్గరే ఆగిపోవడం కనిపిస్తుంది.

బయోస్‌లో (బూటయ్యే ముందు తెరిచే సెట్టింగుల్లో) 'రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్'ని పవర్ ఆన్ చెయ్యి. కరెంటు పోయి వచ్చినప్పుడు నువ్వు ఊళ్ళో లేకపోయినా అదే లేస్తుంది. ఇన్వర్టర్ మీద పెడితే స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లో ఉంచు. మామూలు మోడ్‌లో మారే వ్యవధికి పెట్టె రీస్టార్ట్ అవ్వచ్చు. రౌటర్‌కి పెట్టే 12 వోల్టుల మినీ యూపీఎస్ మీదే దీన్నీ నడుపుదామనుకుంటే, ముందు పెట్టె అడాప్టర్ కూడా 12 వోల్టులదేనా చూడు, ఆపైన దాని మీది ఆంపియర్లకు రౌటర్‌వి కలిపి చూసుకో. రెండు ఆంపియర్ల యూపీఎస్ సాధారణంగా సరిపోదు.

ఫ్యాన్ లేని పెట్టెను మే నెలలో మూసిన టీవీ అల్మరాలో పెట్టకు.

కొన్న రోజే ప్లగ్ వాట్‌మీటర్ పెట్టు. మానిటర్, కీబోర్డ్ పీకేసి, బూటయ్యాక పది నిమిషాలు ఆగి అంకె చూడు. డిస్కులు లేకుండానే 15 వాట్లు దాటితే పవర్‌టాప్ తెరిచి నాకు ఆ తెర పంపు.

పెదనాన్న