రీల్స్‌కు తాళం సరే, తాళంచెవి ఎవరి దగ్గర?

ప్రశ్న: గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాను. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ పెట్టుకున్నా, పాస్‌కోడ్ నాకే తెలుసు కాబట్టి తీసేసి రీల్స్ చూస్తున్నా. ఒక చానెల్‌లో 'ఫోకస్ ప్రొఫైల్' ఫ్రీగా ఇస్తున్నారు. ఒకసారి వేస్తే మనం తీయలేమట. వేసుకోవచ్చా?
- ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

వద్దు. పరీక్షల నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ ఇదే ప్రశ్న నాకు వస్తోంది.

ఆ చానెల్ వాళ్లిచ్చేది డివైస్ మేనేజ్‌మెంట్ ప్రొఫైల్, అంటే ఫోన్ సెట్టింగ్‌లను మార్చే ఫైల్. ఇది కంపెనీలు ఉద్యోగుల ఫోన్లను అదుపులో పెట్టుకోవడానికి పుట్టింది. ఆ ఫైల్‌లో రీల్స్ ఆపే సెట్టింగ్ పక్కనే వీపీఎన్ (మీ ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను వేరే సర్వర్ మీదుగా మళ్లించేది), రూట్ సర్టిఫికెట్ (ఏ సైట్లను అసలైనవిగా నమ్మాలో ఫోన్‌కు చెప్పేది) కూడా ఉండొచ్చు. అది మీ ఫోన్‌ను ఎండీఎం (ఫోన్లను దూరం నుంచి అదుపుచేసే వ్యవస్థ) సర్వర్‌కు కలిపేదైతే, ఆ సర్వర్ నడిపేవాడు ఎక్కడో కూర్చుని మీ ఫోన్ లాక్ చేయగలడు, మొత్తం చెరిపేయగలడు. నాకు అన్నిటికంటే భయం రూట్ సర్టిఫికెట్‌తోనే. విడిగా వేసుకున్న ప్రొఫైల్‌లో వస్తే ఐఫోన్ దాన్ని వెంటనే నమ్మదు, మీరే సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్విచ్ ఆన్ చేయాలి. ఎండీఎం ద్వారా వస్తే మాత్రం అడక్కుండానే నమ్మేస్తుంది. ఇక మీ ట్రాఫిక్ వాడి మీదుగా మళ్లిందంటే, బ్రౌజర్‌లో తాళం గుర్తు ఎప్పటిలాగే కనిపిస్తుంది. మీరు కొట్టే పాస్‌వర్డ్ వాడికీ కనిపిస్తుంది. కొన్ని యాప్‌లు దీన్ని పసిగట్టి ఆగిపోతాయి, అన్నీ కాదు. ఎండీఎం వాడుతున్న పలు పేరెంటల్ కంట్రోల్ యాప్‌లను 2019లో యాపిల్ తన స్టోర్ నుంచి తీసేయడానికి చెప్పిన కారణం ఇలాంటి ప్రమాదమే.

ప్రొఫైలే కావాలంటే మీరే తయారుచేసుకోండి. దానికి వాడే యాపిల్ కాన్ఫిగరేటర్ యాప్ ఉచితం, మ్యాక్ కంప్యూటర్ కావాలి. బాగా నమ్మకమైన వాళ్ల మ్యాక్ అయితే మరీ మంచిది, ఎందుకంటే మీ సొంత మ్యాక్ ఉంటే అర్ధరాత్రి ప్రొఫైల్ తీసేయడానికి దానికే కేబుల్ పెడతారు. ఫోన్‌ను సూపర్‌వైజ్డ్ (ఎక్కువ ఆంక్షలు పెట్టనిచ్చే పర్యవేక్షణ స్థితి) చేసి, సఫారీ, యాప్ స్టోర్ మూసేసి, ప్రొఫైల్ తీయడానికి పాస్‌వర్డ్ అడిగే చోట అక్కనో బావనో కూర్చోబెట్టి టైప్ చేయించండి. దీనికి ముందు ఫోన్ పూర్తిగా చెరిగిపోతుంది, వాట్సాప్ బ్యాకప్ మర్చిపోవద్దు. యూపీఐ మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. అంతా అయ్యాక సెట్టింగ్స్ పైభాగాన ఈ ఫోన్ ఫలానా వారి పర్యవేక్షణలో ఉందని సన్నటి అక్షరాల్లో ఒక లైను వస్తుంది. నా పాత ఫోన్‌లో అక్కడ నా పేరే ఉంటుంది, చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. ఆండ్రాయిడ్‌లో దీనికి సాటి డివైస్ ఓనర్, అంటే ఫోన్ మొత్తాన్ని ఒక యాప్ అదుపులో పెట్టే పద్ధతి. అది ఇంకా తలనొప్పి, ముందు ఫోన్‌లోని అకౌంట్లన్నీ తీసేయాలి.

అసలు నా కోపం ఈ వెల్‌బీయింగ్ ఫీచర్లు చేసేవాళ్ల మీద. టైమ్ అయిపోయిందని తెర అడ్డం పెడతారు, దాని కిందే 'ఇగ్నోర్ లిమిట్' బటన్ ఇస్తారు. తలుపుకు తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీసినట్టు! 'రేపు పొద్దున దాకా నేనడిగినా తీయకు' అనే ఒక్క ఆప్షన్ పెట్టడానికి ఏం అడ్డం? అది లేకే ఒక విద్యార్థి కార్పొరేట్ ఆఫీసుల సరంజామా నెత్తికెత్తుకుంటున్నాడు.

ఆ ప్రొఫైల్ ఇప్పటికే వేసేసుంటే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్ తెరిచి తీసేయండి. తీయనివ్వకపోతే ఫొటోలు, కాంటాక్టులు వేరే చోట దాచుకుని, కంప్యూటర్‌కు కలిపి ఫోన్ రీస్టోర్ చేయండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఆ తర్వాతే మార్చండి, ముందు కాదు.